38 శాతం చూపిన రిపోర్టును ఎలా చదవాలి, 2 శాతం చూపినదాన్ని ఎందుకు నమ్మకూడదు

మీ పరిస్థితిని ముందుగా నేను అర్థం చేసుకున్న తీరులో చెబుతాను, ఎందుకంటే జవాబంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది. మీరు నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్నారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు మండలాల్లో బోరు నీళ్ల నమూనాలు తీసి, ఫ్లోరైడు ఎంత ఉందో కొలిచి, ఇంగ్లీషులో డిజర్టేషన్ రాశారు. ఇతరుల రచనలతో పోలికను పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 38 శాతం పోలిక వచ్చింది. మీ గైడ్ మేడం గారు దాన్ని 10 శాతం లోపుకు తీసుకురమ్మని మూడు వారాల గడువు ఇచ్చారు. బస్టాండు దగ్గరి డీటీపీ సెంటరువాళ్లు డబ్బు ఇస్తే రెండు రోజుల్లో తగ్గించి ఇస్తామన్నారు. అదే సమయంలో మహబూబ్‌నగర్‌లో ఎమ్మే చదువుతున్న మీ మిత్రుడు పాలమూరు వలసల మీద తెలుగులో రాసిన డిజర్టేషన్‌కు 2 శాతమే వచ్చింది. అందులో అధ్యాయాలకు అధ్యాయాలు ఇతరుల రచనల నుంచి ఎత్తి పెట్టినవేనని మీకు తెలుసు. నమూనాల కోసం ఎండలో తిరిగిన మీరు దోషిగా నిలబడడం, అతడు నిశ్చింతగా ఉండడం ఏమి న్యాయమని అడిగారు. రసాయనశాస్త్రం బోధిస్తూ, విభాగం తరఫున ఇలాంటి ఫిర్యాదులను విచారించే ప్యానెల్‌లో కొంతకాలం పనిచేసినవాడిగా నాకు తెలిసినది వివరంగా చెబుతాను.

ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని మనం అనుకునే దానికన్నా చాలా చిన్నది. మీ పాఠాన్ని వరుసగా వచ్చే కొద్దికొద్ది పదాల ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కను ఒక సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యలను తన దగ్గర ముందే నిల్వ ఉన్న వెబ్ పేజీలు, పత్రికా వ్యాసాలు, పాత విద్యార్థుల రచనల సంఖ్యలతో పోల్చి చూస్తుంది. రెండు చోట్లా ఒకే వరుస కనిపిస్తే అక్కడ రంగు పూస్తుంది. రంగు పడిన పదాలు మొత్తం పదాల్లో ఎన్నో వంతు అన్నదే మీరు చూసిన 38. ఆ వాక్యం మీరు కాజేసినదా, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి రచయిత పేరు చెప్పినదా, ప్రతి రసాయనశాస్త్ర పుస్తకంలోనూ అదే విధంగా ఉండే నిర్వచనమా అన్నది దానికి తెలియదు. తన నిల్వలో లేని పుస్తకం గురించి అయితే అసలే తెలియదు. ఒకే ఫైలును రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో వేస్తే రెండు వేర్వేరు శాతాలు రావడానికి కారణం కూడా ఇదే: ఒకదాని నిల్వ మరొకదాని నిల్వ వంటిది కాదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2019లో శోధ్‌శుద్ధి పథకం కింద విశ్వవిద్యాలయాలకు మొదట ఉర్కుండ్ అనే సాఫ్ట్‌వేర్‌ను అందించింది, ఆ తర్వాత డ్రిల్‌బిట్‌ను తెచ్చింది. కొన్ని సంస్థలు టర్నిటిన్‌ను కొనుక్కుంటాయి. కాబట్టి మీ 38 ఏ సాఫ్ట్‌వేర్‌ది, ఏ సెట్టింగులతో తీసినది అన్నది ముందు కనుక్కోండి. ఆ వివరం లేకుండా ఆ అంకెకు అర్థం లేదు.

ఇక నియమాల సంగతి. మన దేశంలో దీనికి ఆధారం యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో ప్రకటించిన అకడమిక్ ఇంటెగ్రిటీ నియమావళి. అందరి నోటా వినిపించే 10 శాతం దానిలోనిదే, అయితే దాన్ని పూర్తిగా చదివినవాళ్లు తక్కువ. 10 శాతం వరకు ఉన్న పోలికలకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించమంటారు. 40 నుంచి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు. 60 దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అయితే ఈ లెక్క వేయడానికి ముందు కొన్నిటిని మినహాయించాలని అదే నియమావళి చెబుతుంది: మూలం పేర్కొంటూ ఉటంకించిన భాగాలు, రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, సాధారణ పదజాలం, చట్టాలు, ప్రామాణిక సంకేతాలు, సమీకరణాలు. యాదృచ్ఛికంగా కలిసే పదాల వరుస 14 పదాల వరకు ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోకూడదు. మీ రిపోర్టు తీసినవారు ఈ మినహాయింపులను సెట్టింగులలో పెట్టారో లేదో అడగండి. చాలాచోట్ల ఫైలును ఉన్నది ఉన్నట్లుగా వేసి, వచ్చిన అంకెను విద్యార్థి చేతిలో పెడతారు. సర్టిఫికెట్ పేజీ, డిక్లరేషన్ పేజీ, రిఫరెన్సులు అన్నీ కలిసి ఆ అంకెను పెంచుతాయి. ఇది మీ హక్కు కనుక సంకోచం లేకుండా అడగవచ్చు.

అదే నియమావళిలో మీకు అనుకూలం కాని మాట కూడా ఒకటి ఉంది. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపులు, సిఫారసులు విద్యార్థి సొంత ఆలోచనలై ఉండాలి, వాటిలో పోలికలు ఉండకూడదు. అంటే మొత్తం 8 శాతమే వచ్చినా ఆ 8 శాతం ఫలితాల అధ్యాయంలో ఉంటే అది తీవ్రమైన విషయం. మొత్తం 20 వచ్చినా అదంతా పద్ధతుల అధ్యాయంలో ప్రామాణిక పరీక్షా విధానాన్ని వర్ణించే చోట ఉంటే దాని బరువు వేరు. ప్యానెల్‌లో ఉన్నప్పుడు నేను మొదట చూసేది అంకెను కాదు, రంగులు ఏ అధ్యాయంలో పడ్డాయన్నదాన్ని.

మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. సాఫ్ట్‌వేర్ రిపోర్టు తీర్పు కాదు. ఫిర్యాదు వస్తే ముందు విభాగ స్థాయి ప్యానెల్, తర్వాత సంస్థ స్థాయి ప్యానెల్ విచారించాలి. ఒక్కొక్క దానికీ 45 రోజుల గడువు ఉంటుంది. విభాగ ప్యానెల్‌కు విభాగాధిపతి అధ్యక్షత వహిస్తారు, అందులో బయటి విభాగపు సీనియర్ అధ్యాపకుడు ఒకరు, ఈ సాఫ్ట్‌వేర్లు బాగా తెలిసినవారు ఒకరు ఉండాలి. తప్పు నిస్సందేహంగా రుజువై, విద్యార్థికి తన వాదన చెప్పుకునే తగిన అవకాశం దొరికిన తర్వాతే శిక్ష. మీ విషయం ఇంకా అంతదాకా రాలేదు. మేడం గారు మిమ్మల్ని సరిదిద్దుకొమ్మన్నారు, అది గైడ్ చేయవలసిన పనే. డిగ్రీ చదివే మీ తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇంకొక మాట: అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు ఈ నియమావళి పరిధిలోకి రావు. ఇది పీజీ, పరిశోధన స్థాయి రచనలకు, ప్రచురణలకు సంబంధించినది. డిగ్రీ ప్రాజెక్టుకు ఈ శాతాలు చూపి భయపెట్టేవారు ఏ నియమం ప్రకారం మాట్లాడుతున్నారో కాలేజీని రాతపూర్వకంగా అడగవచ్చు. కాలేజీ తన సొంత నియమం పెట్టుకోవచ్చు, కానీ దాన్ని సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థులకు చెప్పాలి.

ఇప్పుడు మీ రిపోర్టును ముందు పెట్టుకోండి. పీడీఎఫ్ చివర్లోనో పక్కనో సరిపోలిన మూలాల జాబితా ఉంటుంది, ఒక్కొక్క మూలానికి ఒక రంగు, ఒక శాతం ఉంటాయి. పైనుంచి కిందికి చదవండి. ఒకే మూలం నుంచి పెద్ద శాతం వచ్చిందా, లేక చిన్నచిన్న మూలాలు ఎన్నో కలిసి ఇంత అయిందా అన్నది మొదట తేల్చుకోవాలి. మీ అంశం మీద నేను చూసిన రిపోర్టులలో ఒక తీరు తప్పకుండా కనిపిస్తుంది. ఫ్లోరైడు మీద ఏటా ఎందరో విద్యార్థులు రాస్తారు, అందరి మొదటి అధ్యాయమూ ఒక్కలాగే మొదలవుతుంది: ఫ్లోరిన్ ఆవర్తన పట్టికలో ఎక్కడుంది, ప్రపంచంలో ఏయే దేశాల్లో సమస్య ఉంది, తాగునీటిలో ఎంత వరకు ఉండవచ్చు, దంతాల మీద, ఎముకల మీద ప్రభావం ఏమిటి, నీటిలోని ఫ్లోరైడును తగ్గించడానికి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌లో పటిక, సున్నం ఎలా పనిచేస్తాయి. ఈ పేరాలను ఒకరి నుంచి ఒకరు తీసుకుంటూ వచ్చారు. చివరికి మొదట రాసినవారు ఎవరో ఎవరికీ తెలియదు. మీ 38లో సగానికి పైగా అక్కడినుంచే వచ్చి ఉంటుందని నా అంచనా.

ఆ అధ్యాయానికి చికిత్స వాక్యాలను తిప్పి రాయడం కాదు, దాన్ని తగ్గించడం. మునుగోడు బోర్ల మీద రాసే డిజర్టేషన్‌లో చైనాలోని ఫ్లోరోసిస్ గురించి నాలుగు పేజీలు అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆమోదయోగ్యమైనది 1.0, మరో నీటి వనరు లేనప్పుడు అనుమతించేది 1.5, ఈ సంగతిని రెండు వాక్యాల్లో చెప్పి మూలం ఇస్తే చాలు. అక్కడ మిగిలిన స్థలాన్ని మీరు వెళ్లిన ఊళ్లకు ఇవ్వండి. ఏ బోరు ఎంత లోతు, ఎప్పుడు వేశారు, దాన్ని తాగడానికి వాడుతున్నారా, మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పొలానికి, పశువులకే వాడుతున్నారా, నమూనా ఏ నెలలో తీశారు, అప్పటికి వానలు పడ్డాయా. ఈ వాక్యాలు ప్రపంచంలో ఏ నిల్వలోనూ లేవు, ఎందుకంటే వాటిని రాయగలిగినది మీరొక్కరే. మీ డిజర్టేషన్‌కు విలువ తెచ్చేవి కూడా అవే.

పద్ధతుల అధ్యాయంలో ఫ్లోరైడును కొలవడానికి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ వాడారో, స్పాడ్న్స్ (SPADNS) రంగు పద్ధతి వాడారో నాకు తెలియదు. ఏది వాడినా ప్రామాణిక విధానాన్ని మొత్తం ఎత్తి రాయకండి. ఫలానా ప్రామాణిక పద్ధతి ప్రకారం చేశామని మూలం చూపించి, మీరు చేసినదాన్ని మాత్రం చెప్పండి: కాలిబ్రేషన్‌కు ఏయే గాఢతల ద్రావణాలు తయారు చేశారు, టైసాబ్ (TISAB) అనే బఫర్ ద్రావణం ఎంత కలిపారు, ఒక్కొక్క నమూనాను ఎన్నిసార్లు కొలిచారు, ప్లాస్టిక్ సీసాలు ఎందుకు వాడారు. సాధారణంగా పద్ధతుల్లో పోలిక సహజమే అని ప్యానెల్ సభ్యులు ఒప్పుకుంటారు. కానీ మీరు వాడని పరికరం పేరు కాపీ చేసిన పేరాతో పాటు వచ్చి చేరితే ఎవరూ ఒప్పుకోరు. మీ ల్యాబులో ఉన్న మీటరు ఒకటి, డిజర్టేషన్‌లో రాసిన మోడల్ మరొకటి అయినప్పుడు, మిగిలిన ఫలితాలు కూడా నిజంగా కొలిచినవేనా అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం 38 శాతం కన్నా ప్రమాదకరం.

అసలు చిక్కు సాహిత్య సమీక్షలో ఉంటుంది, అక్కడ ఇతరుల మాటలు చెప్పక తప్పదు. ఇక్కడ మన విద్యార్థులు ఎక్కువగా చేసేది పదాలు మార్చడం. ఒక వ్యాసంలో ఇలా ఉందనుకోండి: ‘ఈ ప్రాంతపు గ్రానైటు శిలల్లో ఫ్లోరైడు గల ఖనిజాలు అధికంగా ఉండడం, భూగర్భ జలం శిలలతో దీర్ఘకాలం సంపర్కంలో ఉండడం వల్ల నీటిలో ఫ్లోరైడు గాఢత పెరుగుతుంది.’ దీన్ని విద్యార్థి ఇలా రాస్తాడు: ‘ఇక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడు కలిగిన ఖనిజాలు ఎక్కువగా ఉండటం, భూగర్భ నీరు రాళ్లతో చాలా కాలం తాకిడిలో ఉండటం వల్ల నీళ్లలో ఫ్లోరైడు మోతాదు అధికమవుతుంది.’ సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోలేకపోవచ్చు, కానీ వాక్యం ఎముకల గూడు అదే, ఆలోచన క్రమం అదే, మూలం పేరు లేదు. ఇది కూడా చౌర్యమే. అదే విషయాన్ని మీ కొలతలతో కలిపి చెప్పండి. మీ నమూనాల్లో లోతైన బోర్లలోనే ఫ్లోరైడు ఎక్కువగా వచ్చి ఉంటే, ‘మేము తీసిన నమూనాల్లో లోతు పెరిగినకొద్దీ ఫ్లోరైడు పెరిగింది. శిలలతో నీరు ఎక్కువ కాలం కలిసి ఉండడమే గాఢతకు కారణమని ఫలానావారు ప్రతిపాదించారు. మా ఫలితం దానికి అనుకూలంగా ఉంది’ అని రాయవచ్చు. ఒకవేళ మీ నమూనాల్లో అలా రాకపోతే, రాలేదని రాయండి. అప్పుడు ఆ మూలం మీ వాదనలో ఒక సాక్షిగా నిలుస్తుంది, మీరు దాని నీడలో దాక్కోవలసిన అవసరం ఉండదు.

దీనికి పనికొచ్చే అలవాటు ఒకటి చెబుతాను, మా విద్యార్థులందరికీ చెప్పేదే. వ్యాసాన్ని చదవండి, పక్కన పెట్టేయండి, స్క్రీన్ మూసేయండి. అందులో ఏముందో మీ ఇంట్లో అమ్మకో అన్నకో చెబుతున్నట్లు తెలుగులోనే నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకోండి. రచయిత పేరు, సంవత్సరం, పేజీ పక్కనే రాయండి. మర్నాడు ఆ తెలుగు వాక్యాలను చూసి ఇంగ్లీషులో రాయండి. ఇంగ్లీషు వ్యాసాన్ని ముందు పెట్టుకుని ఇంగ్లీషు రాస్తే చేయి దానంతట అదే ఆ పదాలను పట్టుకుంటుంది. మధ్యలో తెలుగు ఉంటే ఆ పట్టు విడిపోతుంది, పైగా మీకు నిజంగా అర్థమైందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.

ఈ మాట ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు నుంచి వచ్చే విద్యార్థులలో ఎక్కువమంది ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఒక్కసారిగా పీజీలో వంద పేజీల ఇంగ్లీషు రాయవలసి వస్తుంది. వారిలో కాపీ చేసేవారు బద్ధకంతో చేయడం నేను తక్కువగా చూశాను. తమ ఇంగ్లీషు చూసి నవ్వుతారేమో అన్న భయంతో, అచ్చయిన వాక్యమైతే తప్పుండదన్న నమ్మకంతో చేయడం ఎక్కువగా చూశాను. మీరు కూడా అలాగే చేసి ఉంటే ఒక సంగతి గట్టిగా చెబుతున్నాను: సరళమైన, చిన్న వాక్యాల ఇంగ్లీషుకు ఏ ప్యానెల్ మార్కులు తగ్గించదు. ఫలితాల అధ్యాయంలో తడబడుతూ నడిచే వాక్యాలు, పరిచయంలో ఉన్నట్లుండి ధారాళంగా ప్రవహించే వాక్యాలు ఉన్నప్పుడే పరీక్షకుడు పెన్ను తీస్తాడు. గైడ్లు కూడా ఇక్కడ బాధ్యత తీసుకోవాలి. మొదటి సెమిస్టర్‌లోనే ఒక వ్యాసం ఇచ్చి ఒక పేజీ సారాంశం రాయించి దిద్దితే, చివరి సెమిస్టర్‌లో సాఫ్ట్‌వేర్ చేతికి విద్యార్థిని అప్పగించే పని ఉండదు. సెమిస్టర్‌కు ఒక అవగాహన కార్యక్రమం పెట్టాలని యూజీసీ నియమావళి కూడా చెబుతుంది. అది బ్యానర్ కట్టి ఫొటో దిగే కార్యక్రమంగా ముగియకూడదు.

డీటీపీ సెంటరు విషయానికి వస్తే, వెళ్లవద్దు. వాళ్లు చేసే పనులు నాకు తెలుసు. ఒకటి, మీ పాఠాన్ని పర్యాయపదాలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. అది పారిభాషిక పదాలను కూడా మార్చేస్తుంది. ఇలాంటి వ్యాసాలు అంతర్జాతీయ పత్రికల్లోకి కూడా చేరాయి; 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే పరిశోధకులు ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ బదులు ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’, ‘బ్రెస్ట్ క్యాన్సర్’ బదులు ‘బోసమ్ పెరిల్’ వంటి మాటలను పట్టుకుని బయటపెట్టారు. అలాంటి మాట ఒక్కటి దొరికినా కాపీ చేయడమే కాక దాన్ని దాచడానికి ప్రయత్నించారని రుజువవుతుంది. రెండు, ఇంగ్లీషు అక్షరం స్థానంలో అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెడతారు, పదాల మధ్య తెల్ల రంగు అక్షరాలు చొప్పిస్తారు, పేజీని బొమ్మగా మారుస్తారు. వీటిని కనిపెట్టే సాధనాలు ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఉన్నాయి. మూడు, అన్నిటికన్నా పెద్ద నష్టం ఇది: వాళ్లు ఎక్కడి నుంచో సంపాదించిన ఖాతాలో మీ ఫైలు వేస్తే, అది ఆ నిల్వలో ఉండిపోయే అవకాశం ఉంది. తర్వాత విశ్వవిద్యాలయం పరీక్షించినప్పుడు మీ డిజర్టేషన్ మొత్తం మరెవరో విద్యార్థి రచనతో సరిపోలుతుంది. ఆ విద్యార్థి మీరేనని నిరూపించుకోవడం మీ మెడకు చుట్టుకుంటుంది. డ్రాఫ్టును పరీక్షించవలసి వస్తే కాలేజీ లైబ్రరీ ద్వారానో గైడ్ ద్వారానో, నిల్వలో చేర్చకుండా ఉండే సెట్టింగుతోనే చేయించండి.

ఇక మీ మిత్రుడి 2 శాతం. అది అతడి నిజాయితీకి గుర్తు కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ఎంత తక్కువ తెలుసో చెప్పే అంకె. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. మన దగ్గర తెలుగు సిద్ధాంత వ్యాసాలను, పుస్తకాలను ఎన్నో ఏళ్లు అను ఫాంట్లలో టైపు చేశారు. కంటికి తెలుగు కనిపించినా ఫైలు లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, అర్థం లేని రోమన్ అక్షరాలు, గుర్తులు. అలాంటి పీడీఎఫ్‌ను సాఫ్ట్‌వేర్ చదివితే దానికి దొరికేది చెత్త మాత్రమే, దేనితోనూ పోలదు. రెండవది, లైబ్రరీ బీరువాల్లో ఉన్న పాత ఎంఫిల్ వ్యాసాలు, వలసల మీద దినపత్రికల ఆదివారం సంచికల్లో వచ్చిన కథనాలు, చిన్న ప్రచురణ సంస్థల పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్‌లోకి ఎక్కలేదు. నిల్వలో లేనిదానితో పోలిక ఉండదు. మూడవది మన భాష స్వభావం. విభక్తులు, సంధులు కలిసి ఒకే మాట పది రూపాల్లో వస్తుంది. ‘వలస వెళ్లిన కూలీలు’ అన్నదాన్ని ‘వలసపోయిన కూలీలను’ అంటే పదాల వరుసను మాత్రమే చూసే యంత్రానికి అది కొత్త వాక్యం. నాలుగవది, ఇంగ్లీషు వ్యాసాన్ని గూగుల్ అనువాదంలో వేసి తెలుగు చేసినది మామూలు పోలికకు దొరకదు.

కానీ మనిషికి దొరుకుతుంది. యూజీసీ నియమావళి చౌర్యాన్ని నిర్వచించేటప్పుడు మాటలను మాత్రమే చెప్పలేదు; మరొకరి పనిని, ఆలోచనను తనదిగా చూపించడమే చౌర్యమని చెప్పింది. తగిన ఆధారంతో ఎవరైనా విభాగ ప్యానెల్‌కు తెలియజేయవచ్చు. డిగ్రీ వచ్చాక బయటపడినా ఆ డిగ్రీని నిలిపి ఉంచే వీలుంది. పాలమూరు వలసల మీద జీవితమంతా పనిచేసినవారు ఈ ప్రాంతంలో ఉన్నారు, వైవాలో కూర్చునే పరీక్షకుడు వారిలో ఒకరు కావచ్చు, లేదా వారి దగ్గర చదువుకున్నవారు కావచ్చు. తమ వాక్యాన్ని తాము గుర్తుపట్టడానికి వారికి సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. వైవాలో అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా చాలా మామూలుగా ఉంటుంది: కోస్గిలో ఎవరితో మాట్లాడారు, వారు ముంబై వెళ్లి ఏ పని చేశారు, పిల్లలను ఎవరి దగ్గర వదిలి వెళ్లారు? ఊరికి వెళ్లినవాడికి ఇది ప్రశ్నే కాదు. మీ మిత్రుడు ఇంకా సమర్పించలేదు కనుక, ఫిర్యాదు చేయడానికి ముందు మీరే కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి. ఎత్తిన భాగాలకు మూలాలు పెట్టి, కొటేషన్లుగా మార్చి, నాలుగు కుటుంబాలతో మాట్లాడి ఒక అధ్యాయం సొంతంగా రాయడానికి అతడికి సమయం ఉంది. ఆ మాటలు చెప్పిన కూలీలకు కూడా డిజర్టేషన్‌లో స్థానం ఉండాలి. వారి అనుమతితో పేరో, పేరు వద్దంటే ఊరో, తేదీయో లేకుండా వారి అనుభవాన్ని వాడుకోవడం కూడా సరి కాదు.

మీ రిపోర్టులో కృత్రిమ మేధ వాటా అని వేరే అంకె ఒకటి వచ్చిందని, మీరు చాట్‌జీపీటీని ముట్టుకోలేదని రాశారు. ఆ అంకెను పోలిక శాతంతో కలిపి చూడకండి. పోలిక శాతానికి పక్కన మూలం ఉంటుంది, తెరిచి సరిచూసుకోవచ్చు. కృత్రిమ మేధ అంకెకు మూలం ఉండదు, అది వాక్యాల తీరు చూసి వేసిన అంచనా. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష) వ్యాసాలను ఏడు గుర్తింపు సాధనాలలో వేసి చూస్తే, సగటున 61 శాతం వ్యాసాలను యంత్రం రాసినవిగా అవి తప్పుగా చెప్పాయి. పరిమితమైన పదాలతో, ఒకే తీరు వాక్యాలతో రాసేవారి మీద ఈ అనుమానం ఎక్కువగా పడుతుంది. మన విద్యార్థులు సరిగ్గా అలాగే రాస్తారు. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన గుర్తింపు సాధనాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జూలైలో ఉపసంహరించుకుంది. టర్నిటిన్ కూడా 20 శాతం కన్నా తక్కువ వచ్చిన అంకెను నమ్మదగినదిగా చూపించదు. ఆ అంకె ఒక్కదాని ఆధారంగా విద్యార్థిని దోషిగా నిలబెట్టడం అన్యాయమన్నది నా దృఢమైన అభిప్రాయం. అయితే మీ నిజాయితీకి రుజువు మీ దగ్గరే ఉండాలి: పాత డ్రాఫ్టులు, వర్డ్ ఫైలులోని మార్పుల చరిత్ర, చేతితో రాసుకున్న నోట్సు, ల్యాబ్ రికార్డు. వాటిలో ఏదీ చెరిపివేయకండి. ఒకవేళ ఇంగ్లీషు దిద్దడానికి ఏదైనా సాధనం వాడి ఉంటే, ఏది వాడారో, ఏ పనికి వాడారో ముందే గైడ్‌కు చెప్పి, డిజర్టేషన్‌లో ఒక వాక్యంగా రాయండి.

మూడు వారాలు తక్కువ కాదు. మొదటి వారం మినహాయింపులతో రిపోర్టు మళ్లీ తీయించుకుని, మిగిలిన ప్రతి రంగు గుర్తు పక్కన పెన్సిల్‌తో మూడింటిలో ఒకటి రాయండి: తీసేయాలి, మూలం ఇవ్వాలి, తిరిగి రాయాలి. రెండవ వారం పరిచయం, సమీక్ష అధ్యాయాలకు. మూడవ వారంలో ఫలితాల అధ్యాయాన్ని మీరే బయటికి గట్టిగా చదవండి, అందులో ఒక్క రంగు కూడా మిగలకూడదు. మేడం గారిని కలిసేటప్పుడు అంకె ఎంతకు తగ్గిందో ముందు చెప్పకండి. పెన్సిల్ గుర్తులున్న ఆ పాత రిపోర్టు, కొత్త ప్రతి, నమూనాలు తీసిన రోజుల ఫీల్డ్ నోట్‌బుక్కు, కాలిబ్రేషన్ గ్రాఫులు వెంట తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, ఒక్కొక్క పేజీలో ఏమి మార్చారో, ఎందుకు మార్చారో వివరించండి. కొత్త శాతం 10 కన్నా ఒకటి రెండు ఎక్కువ వచ్చినా, అది పద్ధతుల అధ్యాయంలో మూలం పేర్కొన్న చోట వచ్చినదైతే, ఆ వాక్యాలను వంకర చేసి అంకెను దించవద్దు. మినహాయింపు నియమాన్ని చూపించి, ఆ భాగాన్ని అలాగే ఉంచడానికి అనుమతి అడగండి.